సున్నం కొట్టిన తొట్టి

కొమరోలు దగ్గర బత్తాయి తోట వేసిన శ్రీరాములును బోరులో నీళ్లెన్ని అని ఎవరడిగినా "అంగుళం, అదీ ఆగి ఆగి" అనేవాడు. నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదోదాంట్లో రెండున్నర అంగుళాలు పడ్డాయి. ఆ మాట పొక్కితే పక్కవాళ్లు గట్టు మీదే బోరేసి తన నీళ్లు లాగేస్తారని భయం. మూడో బోరు అట్లాగే పోయింది మరి. చేలోకి బయటి మనిషి వస్తుంటే చాలు, మోటారు ఆపేసేవాడు. అనుమానం పెనుభూతమంటారు, ఈయన దాన్ని పన్నెండేళ్లుగా మేపుతున్నాడు.

ఈ మే నెలలో, ఆయన చేలో కూలికొచ్చే సంతోషమ్మ కూతురు ఎలీషబా సెలవులకొచ్చింది. ఎక్కడో పెద్ద ల్యాబులో పరిశోధన చేస్తోంది. బోరు తొట్టిలో పాచి కొంచెం కావాలంది. ఎండ తగిలితే పాచి నీళ్లను విడగొట్టి ప్రాణవాయువు వదులుతుందనీ, ఆ విడగొట్టడం ఎట్లాగో ఇంకా పూర్తిగా తేలలేదనీ ఓపిగ్గా చెప్పింది. రెప్పపాటులో కోటానుకోట్లవ వంతు సేపు దాని మీద ఎక్స్‌రే లేజర్ కొడతారట. ఆ దెబ్బకు అది చెదిరేలోపే బొమ్మ వచ్చేస్తుందట.

శ్రీరాములు చెవిన పడినవి రెండే: నీళ్లు, ఎక్స్‌రే. ఒంట్లో ఎముకలు కనబడినట్టు భూమిలో నీళ్లు కనబడవా? పాచి వట్టి సాకు. రేపు రమ్మన్నాడు. తెల్లారేసరికి తొట్టి తోమి సున్నం కొట్టేశాడు.

ఎలీషబా వచ్చి తెల్లటి తొట్టిని చూసి, అంచు మీద సున్నాన్ని గోటితో గీకింది.

"నేను నీళ్ల కోసం రాలేదు పెదనాయనా. మీ బోరు రెండున్నర అంగుళాలని నాకు చిన్నప్పుడే తెలుసు. మాయమ్మ రోజూ ఈ పైపు కిందనే బిందె పట్టేది, నిండే వేగం చూస్తే తెలీదా? ఆమె ఒక్కరికీ చెప్పలే. ఈ ఎండలకు చెయ్యి పెడితే కాలే తొట్టి నీళ్లల్లో బతికే పాచి ఇది, దానికోసం వచ్చినా."

శ్రీరాములుకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల వెళ్లిపోయాక తొట్టి చుట్టూ పాకి వెతికాడు. పైపు వంపు అడుగున, చీపురు అందనిచోట, బొటనవేలంత పచ్చదనం మిగిలింది. దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని, ఎన్నడూ కాలుపెట్టని సంతోషమ్మ గడపకు బయల్దేరాడు.

దారిలో పక్క చేను ఆదిశేషు ఎదురై, ఎండలు ముదిరినాయి, నీళ్లెట్లున్నాయని ఆరా తీశాడు. అంగుళం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీరాములు దాన్ని మింగేశాడు.

"నా నీళ్ల సంగతి సంతోషమ్మను అడుగు మామా. ఆమె ఎంతంటే అంత."