మాస్టారి వేలి గీతలు

కర్టెన్లు కుట్టే ఆమెను వీధిలో అందరూ కర్టెన్ల పిన్ని అనేవారు. కొత్త సబ్బు ఏది కొన్నా నేరుగా గుడ్డ మీద వేసేది కాదు. కుట్టు లోపలి మడతలో, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క రాసి, ఆరేదాకా ఆగి, రంగు దిగకపోతేనే మిగతాది ఉతికేది. భర్త పోయాక ఆయన కారు కడగడానికీ అదే పద్ధతి పట్టింది.

ఆయన డ్రైవింగ్ మాస్టారు. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టించిన మనిషి, పెళ్లాం అడిగితే మాత్రం "రేపు చూద్దాంలే" అని దాటేసేవాడు. పక్కసీట్లో ఆయన కాళ్ల దగ్గరా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి. అక్కడ తొక్కితే ఇవతల డ్రైవరు కాళ్ల దగ్గరి పెడళ్లు వాటంతటవే దిగేవి. ముందు అద్దానికి లోపల ఆవిరి పడితే దాని మీదే వేలితో మలుపులూ బాణాలూ గీసి పాఠం చెప్పేవాడు. మనిషి పోయినా గీతలు పోలేదు. చలి ఉదయాల్లో అద్దం మసకబారగానే ఒక్కొక్కటే పైకి తేలేవి. మొదటిసారి చూసినప్పుడు ఆమె గుండె ఝల్లుమంది. తర్వాత తర్వాత, అవి కనపడని రోజు ఏమీ తోచేది కాదు.

గిన్నెల సబ్బు కారు మెరుపును తినేస్తుందని తలుపు అంచున రాసి చూశాకే తెలిసింది. బట్టల పొడి జోలికే పోలేదు. చివరికి కార్ల కోసమే అమ్మే, చేతులు మండని షాంపూ తెచ్చుకుంది. ఒక బకెట్లో నురుగు, ఇంకో బకెట్లో ఉత్త నీళ్లు పెట్టుకుని, నీడలో మెత్తటి గుడ్డతో తుడిచేది. అద్దం లోపలివైపు మాత్రం ముట్టేది కాదు.

నడపని కారు ఎన్నాళ్లని, అల్లుడు బేరం కుదిర్చాడు. ఘాటైన స్ప్రే డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు.

"అత్తయ్యా, కారు కడుగుతున్నారా, పసిపిల్లకి నీళ్లు పోస్తున్నారా? లోపలద్దం నిండా మరకలే. ఇది కొట్టి ఒక్క తుడుపు తుడిస్తే సరి."

ముందు ఒక మూల చూడనిమ్మంది. మాస్టారి సీటు ముందు, అద్దం అడుగున ఉన్న చిన్న బాణం మీద కాస్త కొట్టి తుడిచింది. కళ్లు మండాయి.

మర్నాడు అద్దం మసకబారింది. గీతలన్నీ లేచాయి. ఆ మూల మాత్రం ఉత్త ఆవిరి.  ఈ స్ప్రే నిజంగానే పోగొట్టేస్తుంది.

గేటు దగ్గర అల్లుడి మాట వినపడగానే, ఎన్నడూ కూర్చోని డ్రైవరు సీట్లో కూర్చుని తలుపులన్నీ లాక్ చేసుకుంది. అతను డబ్బా పట్టుకుని వచ్చి అద్దం తట్టాడు. కారు కొనేవాళ్లు వచ్చే టైమైందని, దిగమని బతిమాలాడు. ఆమె ఊపిరికి అద్దం ఇంకా దట్టంగా మసకేసింది.

తాను తుడిచేసిన మూలలో, ఏ వేలూ లేకుండా, ఒక గీత మొదలైంది. నెమ్మదిగా వంగి, బాణమై, గేటు వైపు తిరిగి ఆగింది.

ఆమె కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుంది. కింద క్లచ్చు తనంతట తానే దిగింది. దిగి, అక్కడే నిలిచింది, ఎదురుచూస్తున్నట్టు.

పక్కసీటు వైపు చూడలేదు. ఒక కాలు మెల్లగా కిందికి దించింది. కిటికీ అద్దం రెండు వేళ్ల మేర తెరిచింది.

"వాళ్లని రావద్దని చెప్పు బాబూ," అంది. "ఇవాళ నాకు క్లాసుంది."