కొబ్బరికాయ నా చేతిలో లేచిన రోజు

మా ఇంట్లో బోరు పడిన కథ చెప్పుకోకుండా ఒక్క పెళ్లి కూడా జరగలేదు. ఆ కథలో మా నాయిన ఉంటాడు, నీళ్లు చూడటానికి జగ్గయ్యపేట నుంచి వచ్చిన ఆయన ఉంటాడు, బండ పగలగొట్టిన తమిళ కూలీలుంటారు, వాళ్లకు జొన్నరొట్టెలు చేసిపెట్టిన వాళ్లు కూడా ఉంటారు. నేను మాత్రం ఉండను. మధ్యలో నోరు తెరవబోతే, "నువ్వప్పుడు ఇంతున్నవ్, నీకేం యాదికుంటది" అని నా ఎత్తు చేత్తో కొలిచి చూపించి కథ ముందుకు నడిపిస్తారు. నాకు అన్నీ గుర్తున్నాయి. వినేవాళ్లు లేక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మొన్న సూర్యాపేటలో మా ఇంటి పక్క ప్లాటులో బోరు వేస్తుంటే, చెకుముకి రాళ్లు రాపాడించినప్పుడు వచ్చే కాలిన వాసనతో రాతిపిండి ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడ కిటికీలన్నీ మూసింది. నేను వెళ్లి మళ్లీ తెరిచాను. ఇక రాయకుండా ఉండలేను.

మాది కోదాడ దాటి అనంతగిరి వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. సాగర్ కాలువ మా చేనికి దిగువన పోతుంది. కట్ట మీద నిలబడితే కుడివైపు కనుచూపు మేర వరి, ఎడమవైపు ఎర్రమట్టి, తుమ్మచెట్లు, మేము. నిండుగా పారే నీళ్లను రోజూ కళ్లారా చూస్తూ, వాటిలో చెంబెడు కూడా మా నేలకు ఎక్కించుకోలేని బతుకు మాది. అమ్మ పుట్టిల్లు మిర్యాలగూడ. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోతే రైస్‌మిల్లుల తవుడు వాసన, ఉడికిన వడ్ల ఆవిరి బస్టాండులోనే ఎదురొచ్చేవి. మేనమామ కొడుకు, నాకు బావ, అందరిలో అడిగేవాడు, "మీ ఊళ్లె మొకం కడుక్కుంటరా, తుడుసుకుంటరా?" అని. ఆ బావకు ఇప్పుడు బట్టతల వచ్చింది, మనిషి కనబడితే నాకింకా ఆ మాటే వినబడుతుంది.

అటువంటి నేలలో బత్తాయి తోట పెట్టాలన్నది మా చిన్నాయిన ఆలోచన. మా నాయిన తమ్ముడు. మాటలు తక్కువ. చీమలు బారులు తీరి పోతుంటే దారి పొడుగునా వంగి చూసుకుంటూ వాటి వెనకే నడిచే మనిషి. పెద్దవూర నుంచి మొక్కలు తెచ్చి నాటాడు. అవి నడుమెత్తు పెరిగేసరికి చేదబావి అడుగంటింది. ఇక మా ఇంటి అలవాట్లన్నీ ఆ చెట్ల చుట్టూ తిరిగేవి. స్నానం చెట్టు మొదట్లో రాతి మీద, అంట్లు తోమడం ఇంకో చెట్టు దగ్గర, అన్నం తిన్నాక ఏ చెట్టు దగ్గర చెయ్యి కడగాలో నాయినమ్మ చెప్పేది. ఉగాదికి చుట్టాలు వచ్చి బచ్చాలు, మామిడికాయ పచ్చిపులుసు కడుపునిండా తిని లేస్తే, నెయ్యి కారుతున్న చేతులతోనే వాళ్లను ఎండలో తోటదాకా నడిపించేది. "గా మూలకున్నదానికి పొద్దట్నుంచి సుక్క లేదు, గాడ కడుక్కోండ్రి" అనేది. సగం తోట దాటేసరికి చేతుల మీద నెయ్యి ఎండిపోయేది. సిగ్గుతో మా అమ్మ తల దించుకునేది. నాకు మాత్రం మా ఇంటి ఎంగిలి చేతులతో అన్ని చెట్లు బతుకుతున్నాయంటే గర్వంగా ఉండేది.

అయినా ఆకులు ముడుచుకుంటూనే వచ్చాయి. వేసిన రెండు బోర్లలోనూ పిండి తప్ప తడి రాలేదు. మూడోది చివరిదని నాయిన ముందే చెప్పాడు. "ఇది గూడ పోతే చెట్లు కొట్టి పొయిల పెట్టుడే." ఆ మాట విని నాయినమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మోదుగులు పూసి రాలిపోతున్న రోజుల్లో ఒక ఉదయం నీళ్లు చూసే ఆయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన సంచి. పీచు తీసి పిలక ఉంచిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, మంత్రం లోపలే చదువుకుంటూ చేనంతా తిరిగాడు. కింద నీళ్లుంటే ఆ కాయ దానంతట అదే నిటారుగా లేస్తుంది. పల్లపు మూలన వేపచెట్టు దగ్గర అది లేచింది. అక్కడ సున్నం గీత గీశారు. ఆయన మజ్జిగ తాగుతుంటే చిన్నాయిన నవ్వులాటకు అదే కొబ్బరికాయను నా అరచేతిలో పెట్టాడు. "నడువురా, నీక్కూడ లేస్తదేమో సూద్దం."

నడిచాను. కాయ నా చేతికి పెద్దది, చేయి నొప్పి పుట్టింది. వెనక మా అక్క ఎగతాళిగా ఆ నీళ్లాయన నడకే నడిచి చూపిస్తోంది. చేను పైభాగాన, బండరాళ్లు తేలి, తుమ్మకంప తప్ప ఏమీ మొలవని చోటికి వచ్చేసరికి, ఉన్నట్టుండి అరచేతిలో బరువు పోయింది. కాయ పిలక పైకి తిరిగి నిలబడి, మరుక్షణం జారి కింద పడింది. నేను భయంతో రెండడుగులు వెనక్కి వేశాను. అందరూ నవ్వారు. నీళ్లాయన కూడా నవ్వి, "పిల్లోడి చెయ్యి కదండీ, వణుకుద్ది" అన్నాడు. చిన్నాయిన ఒక్కడు నవ్వలేదు. కాయ పడిన చోట ఒక రాయి పెట్టి వచ్చాడు.

రిగ్గు బండి ముందు వేపచెట్టు దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం దాకా తవ్వితే తెల్లపిండి పొగలా లేచింది తప్ప తడి తగల్లేదు. మూడోదీ పోయింది. రిగ్గు మేస్త్రీ రాడ్లు పైకి తీయిస్తూ, దామరచర్లలో ఇంకో బోరుందని, పోవాలని తొందరపెట్టాడు. అప్పుడు చిన్నాయిన ఆ రాయి వైపు చేయి చూపించాడు. నాయిన నా ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నిజంగ లేసిందారా, నువ్వే లేపినవా?"

"తెల్వదు నాయినా. చేతుల బరువు పోయినట్టయింది."

"ఏందిరా, గింత పెద్ద సంగతికి తెల్వదంటవ్."

చిన్నాయిన అన్నాడు, "అన్నా, అబద్ధమాడెటోడైతే లేసిందనే అంటడు గద. తెల్వదంటున్నడు సూడు. గీడనే ఎయ్యి."

పెద్దవాళ్లెవరూ అంతకుముందు నా మాట మీద గ్లాసెడు చాయ్ కూడా పందెం కాయలేదు. ఇప్పుడు తోట మొత్తం ఒడ్డారు. ఇది పోతే ఎవరి పేరు నిలిచిపోతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో తప్పులకు వయసు మీదపడదు. మా పెద్దత్త చిన్నప్పుడు పాలకుండ పగలగొట్టిన సంగతి ఆమె మనవలకు కూడా తెలుసు.

రిగ్గు మొదలైంది. ఆ చప్పుడు చెవులతో విన్నట్టు కాదు, కాళ్ల ఎముకల్లోంచి పైకి ఎక్కేది. మొదట ఎర్రదుమ్ము, తర్వాత బూడిదరంగు, తర్వాత మళ్లీ అదే తెల్లపిండి. మా జుట్టు మీద, కనుబొమల మీద పడి చిన్నాపెద్దా అందరం ముసలివాళ్లమైపోయాం. ఒక రాడ్డు, దాని వెనక ఇంకో రాడ్డు. కళ్లు మూసుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. కొంతసేపటికి చప్పుడు మారింది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. కళ్లు తెరిస్తే దుమ్ము లేదు. బొక్కలోంచి చల్లటి గాలి వస్తోంది, మృగశిర మొదటి వానకు నేల లేపే వాసనతో. తర్వాత బురద చిమ్మింది. తర్వాత నీళ్లు. రిగ్గు కంటే ఎత్తుకు లేచి, విరిగి, మా అందరి మీద పడ్డాయి.

ఇప్పటికీ ఆ చల్లదనానికి నాకు పోలిక దొరకలేదు. ఎండ ఎప్పుడూ తగలని చోటు నుంచి, మేం పుట్టకముందు నుంచీ బండ కింద పడుకుని ఉన్న నీళ్లవి. మేము మూతీ చేతులూ కడిగిన నీళ్లు కూడా చెట్టుకు మళ్లించుకుంటూ బతికిన నేల కిందే ఇవన్నీ ఉన్నాయి, మేం వాటి మీదే నడిచాం, వాటి మీదే పడుకున్నాం. నాయిన బురదలో చతికిలబడ్డాడు. చుక్క ఒలికితే కసురుకునే నాయినమ్మ చీరతో సహా ఆ ధార కింద నిలబడి, నోరు తెరుచుకుని, ఎంత పిలిచినా ఇవతలికి రాలేదు. నేను నా అరచేయి చూసుకున్నాను. ఎప్పటి చెయ్యే. భయం మాత్రం పోలేదు, వేరే భయమైంది. దేని దగ్గరో నిలబడ్డానని, అది నన్ను చూసిందని అనిపించింది.

తర్వాతి సంగతే ఎవరూ చెప్పరు. నాయినమ్మ పైపుకు పసుపు పూసి ఆ కొబ్బరికాయే కొట్టింది. మొదటి ముక్క, కొత్త తువ్వాలతో సహా, వేపచెట్టు చూపించిన నీళ్లాయనకు. ఆయన కళ్లకద్దుకుని "అంతా గంగమ్మ దయండీ" అన్నాడు. తర్వాత కూలీలకు, ఇరుగుపొరుగుకు, నన్ను ఎగతాళి చేసిన మా అక్కకు. నా దాకా వచ్చేసరికి చిప్ప ఖాళీ.

మర్నాడు పక్క ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. "పిల్లగాన్ని జర తోల్కపోతం, పొద్దుగూకేసరికి తెచ్చి ఇడుస్తం" అన్నారు. నేను అప్పటికే తల దువ్వుకుని, బడి చొక్కా తొడుక్కుని గడపలో నిలబడ్డాను. చిన్నాయిన నా వైపు చూడకుండా వాళ్లతో అన్నాడు, "పిల్లగాడా? వాడు ఉత్తగ ఆడుకున్నడు. జాగ సూపిచ్చింది నీళ్లాయననే." వాళ్లు వెళ్లాక, ఎందుకట్లా అన్నావని అడిగితే, "పో, గోటీలాడుకోపో" అన్నాడు. మా ఇంటి కథలోంచి నన్ను మొదట తీసేసింది చిన్నాయినే. మిగతావాళ్లు ఆయన చెప్పిందే చెప్పుకుంటూ వచ్చారు.

ఆ ఊరివాళ్లు ఊరుకోలేదు. తమ ఊళ్లోనే ఇంకో పిల్లవాడి చేతిలో కొబ్బరికాయ పెట్టి బోరు వేశారు. పిండి వచ్చింది. ఆ పిల్లవాడు ఇప్పుడు కోదాడలో పురుగుమందుల దుకాణం నడుపుతున్నాడు. ఇద్దరు బిడ్డల తండ్రి. మొన్నీమధ్య నేను అక్కడ ఉండగానే ఎవరో బయట నుంచి కేకేశారు, "ఏమయా ఎండుబోరూ, ఉన్నవా?" అని. అతను ఏమీ అనుకోకుండా తల ఎత్తి పలికాడు. నేను కొనవలసింది కొనకుండానే బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఆ తోట లేదు. బోర్ల మీద బోర్లు పడి మా బోరు కూడా ఎండిపోయింది, చెట్లు కొట్టేశారు, బండరాళ్ల చోట ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. చెట్టు మొదట్లో చెయ్యి కడగాలని తెలిసినవాళ్లు మా ఇంట్లో నలుగురు కూడా మిగల్లేదు. పోయిన నెల కోదాడలో పెళ్లి భోజనాల దగ్గర మళ్లీ అదే కథ మొదలైతే, నన్ను ఈ కథలోంచి ఎందుకు తీసేశావని అందరి ముందూ చిన్నాయినను అడిగాను. ఆయన నా విస్తరి వైపు చూసి, "ఇప్పుడెందుకురా అయ్యన్నీ, పెరుగేస్కో" అన్నాడు.

చిన్నాయినా, నువ్వు పొద్దున్నే పేపరు చివరిదాకా చదువుతావు, ఇది కూడా చదువుతావని తెలుసు. కథలో నా పేరు చేర్చమని ఇక అడగను. ఆ ఇద్దరినీ ఎందుకు వెనక్కి పంపావో కూడా అడగను, అది నాకు ఆలస్యంగానైనా ఆ పురుగుమందుల దుకాణంలో తెలిసింది. నాకు తెలియనిది ఒక్కటే. ఆ రోజు నువ్వు నిజంగా నా చేతిని నమ్మి రిగ్గును తిప్పించావా, లేక అంతా పోయిందిలే, ఎక్కడేస్తే ఏమిటని తిప్పించావా? నన్నొక మనిషి అంతగా నమ్మాడనుకునే నేను ఇంతదూరం వచ్చాను. అది నిజమో కాదో చెప్పగలిగేది నువ్వొక్కడివే. ఆదివారం పొద్దున్నే కోదాడలో మీ ఇంటికి వస్తున్నాను. మాట మార్చకుండా జవాబు చెప్పు.