కళ్లద్దాల దుకాణంలో ఉల్లిపొర

కళ్లద్దాల దుకాణం నడిపే ఆయనకు సగం జీవితం ఊళ్లోవాళ్ల చూపు సరిచేయడంతోనే గడిచిపోయింది. మొక్కలంటే మాత్రం ఆయన దృష్టిలో భార్య బాల్కనీ నిండా పేర్చిన కుండీల గొడవే. "ఆ గడ్డి మీదున్న ధ్యాస నా మీదుంటే బాగుపడేవాణ్ని" అని సణిగేవాడు. ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది.

ఒకరోజు పక్కవీధి బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ పాత మైక్రోస్కోపు పట్టుకొచ్చింది.

"ఏమీ కనబడి చావట్లేదు బాబాయ్. పిల్లలకి పుస్తకంలో బొమ్మలు చూపించీ చూపించీ నాకే విసుగొస్తోంది."

విప్పి చూస్తే కటకాలకు బూజు పట్టింది. తుడిచి, వదులైన మర బిగించాడు. పనిచేస్తుందో లేదో చూడాలిగా! దుకాణం వెనకే వంటగది. భార్య తరుగుతున్న ఉల్లిపాయ నుంచి పల్చటి పొర లాగి, నీటిచుక్కలో పరిచి, కన్ను ఆనించాడు.

ఇటుకలు పేర్చిన గోడ. ప్రతి ఇటుకలోనూ ఓ చిన్న చుక్క.

"ఏమేవ్, పొయ్యి కట్టేసి ఇలా రా."

"ఏం మునిగిపోయిందండీ?" అంటూ వచ్చిన ఆవిడ, చూసి మళ్లీ కళ్లజోడు వెతుక్కుని మరీ చూసింది. ఆ తర్వాత వంటగదిలో వస్తువులన్నీ వరసగా దుకాణంలోకి నడిచొచ్చాయి. బంగాళాదుంప కణాల్లో బస్తాలకెత్తినట్టు పిండి గింజలు. బేరిపండు గుజ్జులో గులకరాళ్లలాంటి మందపాటి కణాలు.

"పళ్లకింద ఇసుకలా తగిలేది ఇదా! పండ్లవాణ్ని అనవసరంగా తిట్టాను" అందావిడ.

గుమ్మడికాడను నిలువునా పల్చగా చీలిస్తే లోపల స్ప్రింగులు చుట్టినట్టున్న గొట్టాలు. మైక్రోస్కోపు తీసుకెళ్దామని టీచరమ్మ వచ్చేసరికి ఇద్దరూ కుర్చీ కోసం తోసుకుంటున్నారు.

"అవి నీళ్లు మోసే కణాలు బాబాయ్. లోపలి ప్రాణం పోయాకే గొట్టాలుగా పనికొస్తాయి."

"చచ్చిపోయి కూడా నీళ్లు మోస్తున్నాయా?" అంటూ ఆయన మళ్లీ కన్ను ఆనించాడు.

ఈలోపు భార్య తన కుండీలోని ఆకు అడుగు పొర ఒలిచి తెచ్చింది. పెదాల్లా జంటలు జంటలుగా కణాలు, నడుమ చిన్న సందు. ఆకు ఊపిరి పీల్చే నోళ్లవి అంది టీచరమ్మ.

"ఉప్పునీళ్లు పోస్తే మొక్క వడిలిపోతుంది కదా, మరి ఇవేం చేస్తాయో?" అంటూ భార్యే ఓ ఉప్పునీటి చుక్క వేసింది.

ముగ్గురూ వంతులవారీగా కన్ను పెట్టారు. చూస్తుండగానే సందులు సన్నబడి, పెదాలు కలుసుకున్నాయి.

"మూసేసుకున్నాయి. నేను చెప్తే ఎవరైనా నమ్ముతారా!" అంటూ ఆవిడ భర్త భుజం పట్టి కుదిపేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఆయన వినలేదు.

మైక్రోస్కోపు బడికి వెళ్లిపోయాక ఆయనకు కాలు నిలవలేదు. డబ్బాల్లో మిగిలిన కటకాలు జోడించి సొంతంగా ఒకటి కట్టాడు. మొదటిది అంతా మసక. రెండోదానికి అంచుల్లో ఇంద్రధనుస్సు. మూడోదాంట్లో ఉల్లిపొర గోడలు తేటగా నిలిచాయి. చూపించే పని భార్య తీసుకుంది. కళ్లద్దాలకని వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "ముందు ఇది చూడండి, నంబరు సంగతి తర్వాత" అంటోంది.