మిట్ట వస్తే దిగాలి

బద్వేలు దగ్గర మామిడికాయల బేరానికి వెళ్లినప్పుడు, తోట చూపిస్తానని ఓబులరెడ్డి నన్ను తన ఏటీవీ ఎక్కించుకున్నాడు. లావు టైర్ల ఆ నాలుగు చక్రాల బండిని పర్యాటకులకు అద్దెకు తిప్పేవాళ్ల దగ్గర పాతది కొన్నాడట. ఎద్దులను అమ్మేశాక గుట్ట మీది తోటకు అదే ఆధారం.

గుట్ట మొదట్లో బండి ఆపి, "దిగప్పా, మిట్ట వచ్చినాది" అన్నాడు.

నేను దిగలేదు. "రెడ్డిగారూ, మొదట్లో వీటికి మూడే చక్రాలుండేవి. బోల్తా పడుతున్నాయని నాలుగు పెట్టారు. ఇది గుట్టలెక్కడానికే చేసిన బండి" అన్నాను.

"మూడు కాళ్ల ఎద్దును ఎవురు కొన్యారప్పా?" అని నవ్వాడు. "ఇది ఎక్కుతాదిలే. ఎక్కుతాదని మనం కూచోనుండేదేనా? మిట్ట కాడ ఎద్దులబండి దిగకపోతే మా నాయన చెర్నాకోల మాకే చూపిస్తాండె."

నేను దిగాను. తనూ దిగాడు. బొటనవేలితో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ, ఎద్దు పక్కన నడిచినట్టే నడిచాడు. నేను వెనక నడిచాను. పైకి చేరాక సీటు మీద రెండుసార్లు తట్టి, "ఇంగ ఎక్కప్పా" అన్నాడు.

సాయంత్రం నేనెక్కిన బస్సు కనుమ ఎక్కుతూ మూలిగింది. అందరూ నిశ్చింతగా కూర్చున్నారు. నాకు మాత్రం కూర్చోవడం మర్యాద కాదనిపించింది.