సారు గేటు ముందు నిలబెట్టి పోయిన ఎడ్లు

మా పక్కింటి తెలుగు సారు పోయారని తెలిసినప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు వేరే విద్య లేదు కాబట్టి అదే రాస్తున్నాను. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు వాళ్ల వరండాలో కూర్చున్నాను. కాగితం మీద తేదీ వేసి, పెన్ను మూత తీసి పెట్టుకున్నాను. ఆరుంబావు అయింది. లోపల అలికిడి లేదు. ఐదేళ్లలో ఆయన చెప్పిన వేళకు వచ్చి కూర్చున్న రోజులు నా రెండు చేతుల వేళ్లకు మించవు. తేదీ పక్కన 'ఈరోజు కూడా ఆలస్యం' అని రాస్తుండగా సారు కొడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అత్తమ్మా, బాపు లేస్తలేడు."

"లేపు మల్ల. ఆరుంబావు దాటింది."

"లేస్తలేడత్తమ్మా," అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

పెన్ను మూత పెట్టాను. 'ఆలస్యం' అన్న మాటను మాత్రం కొట్టేయలేదు. ఇప్పటికీ ఆ కాగితం మీద అలాగే ఉంది.

నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఆయన కోటగిరి బడికి రోజూ బస్సులో పోయి తెలుగు చెప్పేవారు. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నాకంటే మూడేళ్లు చిన్న కాబట్టి ఆయనకు నేను అక్కను, నాకు ఆయన సారు. రిటైరయ్యాక ఒక పుస్తకం మొదలుపెట్టారు. చెరుకు బండి తోలిన తన తండ్రి గురించి. కొంతకాలానికి చేతులు వణకసాగాయి. ఒకరోజు గోడ దగ్గరకు వచ్చి, "అక్కా, నీ అక్షరం అచ్చుకొట్టినట్టు ఉంటది. నేను చెప్త, నువ్వు రాయరాదు," అన్నారు. "రోజుకొక గంట. అంతకు మించి కూసోను," అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంలో ఆయనకు ఏనాడూ ఇబ్బంది లేదు.

గంటలో నలభై నిమిషాలు ఎట్లా పోయేవో చెప్తాను. వరండాలో మా ఇద్దరికీ రెండు కుర్చీలు, ఎదురుగా మూడో కుర్చీ. ఆ కుర్చీలో అట్ట ఊడిన పాత కథల పుస్తకం ఒకటి. మూడు కప్పుల చాయ్. మాకు చెరొకటి, కుర్చీకి ఒకటి. సారు ఆ పుస్తకంలో ఒక పేజీ పైకి మూడుసార్లు చదివేవారు. తర్వాత పుస్తకం మూసి, కుర్చీలో పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవారు.

"ఇగ వాళ్లు రావాలె," అనేవారు.

వాళ్లంటే ఏనాడో కాలం చేసిన రచయితలు. ఒక కథలాయన, ఒక పద్యాలాయన, అప్పుడప్పుడూ ఒక నాటకాలామె. పేర్లు అడిగితే చెప్పేవారు కాదు. "పెద్దోళ్లను పేరు పెట్టి పిలుస్తరా అక్కా?" అనేవారు. చలికాలంలో పద్యాలాయన సరిగ్గా వచ్చేవాడు కాదట. "మఫ్లర్ పంపియ్యకపోయినవా?" అన్నాను ఒకసారి. సారు కళ్లు తెరవకుండానే, "జర ఊకో అక్కా, వస్తున్నట్టే ఉన్నది," అన్నారు. మా ఇంట్లో కుక్కర్ మూడు కూతలు కూసింది. ఎవరూ రాలేదు. పప్పు మాత్రం అడుగంటింది.

నాకు ఏదైనా రాసి పెట్టుకోవడం అలవాటు. ఏ రోజు ఎవరు వచ్చారని సారు చెప్పారు, ఎంతసేపటికి వచ్చారు, ఎన్ని వాక్యాలు ఇచ్చారు, అన్నీ కాగితం అంచున రాసేదాన్ని. ఒకరోజు ముప్పై ఎనిమిది నిమిషాలు కాచుకున్నాక ఒక్క వాక్యం వచ్చింది. "బండి కంటే ముందు చెరుకు వాసన ఊరు చేరుతుంది." రాయబోయి ఆగాను.

"సారూ, ఇది నువ్వే నిన్న గోడ కాడ అన్నవు."

"నిన్న అన్నది నేను. ఇయ్యాల ఒప్పుకున్నది వాళ్లు."

ఇట్లాంటి మనిషితో ఎవరు వాదించగలరు? ఇక ఆ మూడో కప్పు. చివరకు చల్లారిన ఆ చాయ్ కూడా ఆయనే తాగేవారు, వాళ్లు తాగగా మిగిలిందని. "ఒక్క గుక్క తగ్గలే. నేను సూస్తనే ఉన్న," అంటే, "నువ్వు లెక్కల టీచర్‌వు. ఉన్నదే కనవడ్తది నీకు, తగ్గింది కనవడది," అనేవారు.

దీనికంటే పెద్ద తలనొప్పి పెత్రమాస నాడు. మా దగ్గర బతుకమ్మకు ముందు వచ్చే ఆ అమావాస్యకు, పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. సారు తన తల్లిదండ్రులకూ, పోయిన ఇల్లాలికీ ఇచ్చేవారు. అది పద్ధతి. ఒక ఏడు చూస్తే రెండో పళ్లెం తెచ్చారు. బియ్యం, రెండు బీరకాయలు, ఇన్ని చిక్కుళ్లు.

"ఇది ఎవరికి?" అన్నారు అయ్యగారు.

"రాసినోళ్లకు."

"గోత్రం?"

సారుకు తెలియదు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన ఒక క్షణం ఆలోచించి, "మా గోత్రమే చెప్పుండ్రి," అన్నారు. అయ్యగారు చెప్పేశారు. ఆ దెబ్బతో ఊరూ పేరూ తెలియని రచయితలంతా సారు వాళ్ల ఇంటి పెద్దలైపోయారు. వాళ్ల చుట్టాలు నెల రోజులు మండిపడ్డారు. నేనూ ఊరుకోలేదు. "గోత్రం దెల్వనోళ్లకు నీ గోత్రం పంచుడేంది సారూ? పైన మీ తాత అడిగితే ఏం జెప్తవు?" అన్నాను. "మా తాతకు సదువు రాదక్కా. వాళ్లు సదివి వినిపిస్తరు, మంచిగనే ఉంటది," అన్నారు. ఆ తర్వాత ఏ పెత్రమాసకూ రెండో పళ్లెం తప్పలేదు.

ఒకసారి మాత్రం విసుగు చచ్చి నేరుగా అడిగాను. "సారూ, నిజం జెప్పు. నీకు ఏమన్న వినవడ్తదా?"

ఆయన ఆ అట్ట లేని పుస్తకం మీది నుంచి చెయ్యి తీశారు.

"వినవడదక్కా. సిగ్గయితది. వాళ్లు ఎదురుంగ కూసుంటే అబద్ధం రాయనీకి సిగ్గయితది. గంతే."

ఆ రోజు కాగితం అంచున నేనేమీ రాయలేదు. ఎవరు వచ్చారని రాయాలో తెలియలేదు.

పుస్తకం చివరి అధ్యాయానికి వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల లైను. సారు తండ్రి బండి రెండో రోజు కూడా కాటాకు చేరలేదు. "ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాడి కింద ఎడ్లు రెండూ తలలు వంచుకుని నిలబడ్డాయి." నూట నలభై రెండో పేజీలో ఇంతవరకు చెప్పి సారు ఆగిపోయారు. ఆగడమంటే ఒక రోజు కాదు, మూడు నెలలు. రోజూ చాయ్ పెట్టడం, పేజీ చదవడం, కళ్లు మూసుకోవడం, "ఇయ్యాల రాలే అక్కా" అనడం.

"వాళ్లు రాకపోతే మానె. ఎడ్ల సంగతేంది? మూడు నెలల సంది కాడి కిందనే నిలవెట్టినవు. ఇడువు. ఇన్ని నీళ్లు తాపు," అన్నాను.

ఆ మాటకు ఆయన ముఖం మారిపోయింది. నేనెప్పుడు కసిరినా నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"పెన్ను మూత పెట్టక్కా," అన్నారు.

పెట్టాను. అప్పుడు చెప్పారు. ఆ రోజు బండి దగ్గర తానూ ఉన్నారట. పదేళ్ల పిల్లవాడు. తండ్రి కాటా దగ్గర మాట్లాడడానికి పోతూ, రోడ్డవతల నల్లా నుంచి ఎడ్లకు నీళ్లు తెమ్మని బకెట్ చేతికిచ్చి పోయాడు. పిల్లవాడి దగ్గర బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకం ఉంది. బండి కింద నీడలో కూర్చుని, ఈ పేజీ అయ్యాక పోదామనుకున్నాడు. ఆ పేజీ అయ్యాక ఇంకో పేజీ. తల ఎత్తేసరికి దాపటెద్దు మోకాళ్ల మీద కూలి ఉంది. మళ్లీ లేవలేదు. తండ్రి వచ్చి ఎద్దును చూశాడు, బకెట్‌ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు.

"కొట్టిండా?" అన్నాను.

"కొడితే బాగుండు. నా చేతుల పుస్తకం దీస్కొని, చెరుకాకు తుంచి పేజీల వెట్టి, మూసి మల్ల నాకే ఇచ్చిండు. ఏ పేజీల ఉన్ననో మర్సిపోవద్దని." ఎదురు కుర్చీ వైపు చూసి, "గీ కథలాయన పుస్తకమే అది," అన్నారు.

మర్నాటి నుంచి మళ్లీ మామూలే. చాయ్, పేజీ, నిరీక్షణ. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇరవై రోజులకు పోయారు.

ఇప్పుడు నా కోపం మీకు అర్థమై ఉంటుంది. ఎడ్లను గేటు ముందు నిలబెట్టి, నిజాన్ని మూత పెట్టిన పెన్నుకు చెప్పి, మనిషి చక్కా వెళ్లిపోయాడు. రాయమని అనలేదు, వద్దనీ అనలేదు. పుస్తకం అచ్చేయాల్సిన నిజామాబాద్ ప్రెస్ ఆయన మిగిలిన పేజీల కోసం వారానికొకసారి ఫోన్ చేస్తున్నాడు. సారు కొడుకు వచ్చి, "నాలుగు ముక్కలు రాసి ఎట్లనో అట్ల ముగించత్తమ్మా. మా తాత ఎడ్లను ఇంటికి తోలు. నీకు రానిదా?" అన్నాడు. నిజమే, నాకు రానిదేమీ కాదు. ఎడ్లు నీళ్లు తాగాయి, చెరుకు తూగింది, బండి ఇల్లు చేరింది. మూడు వాక్యాల్లో అయిపోయే పని. వాటిని చిత్తు కాగితం మీద రాసి కూడా పెట్టుకున్నాను.

ఇంతలో పెత్రమాస వచ్చింది. సారు పేరు మీద బియ్యం ఇద్దామని కొడుకు అడిగితే, సంవత్సరీకం కాకుండా ఆయన పెద్దల్లో కలవడని అయ్యగారు చెప్పారట. తల్లికీ తాతకూ ఇచ్చి లోపలికి పోయాడు. రెండో పళ్లెం ఊసు ఎవరికీ లేదు. గోడ ఇవతల నుంచి చూస్తూ నిలబడ్డాను. అయ్యగారు సంచి భుజానికి వేసుకుని గేటు దాటుతున్నారు. ఇన్నేళ్లు నేను వెక్కిరించిన పని అది. ఇంట్లోకి పోయి బియ్యం కొలిచాను, రెండు బీరకాయలు పెట్టాను, చిక్కుళ్లు లేకపోతే వంకాయలు పెట్టాను.

"అయ్యగారూ, ఆగుండ్రి. ఇది రాసినోళ్లకు."

"పేర్లు జెప్పమ్మా."

"తెల్వదు. సారు ఇచ్చేటోళ్లే. గోత్రం గూడ సారుదే." తర్వాత అన్నాను, "సారు పేరు గూడ ఇందులనే కలుపుండ్రి."

"సంవత్సరం గాలేదని జెప్పిన గదమ్మా."

"పెద్దలల్ల కలువనీకి సంవత్సరం కావాలె. రాసినోళ్లల్ల కలువనీకి గూడ కావాల్నా?"

అయ్యగారు భుజం మీది సంచి దింపారు. "అది నా పుస్తకంల లేదమ్మా," అని పళ్లెం అందుకున్నారు. సారు పేరు చెప్పారు. నేను విన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి సారు వాళ్ల వరండాలో కూర్చున్నాను. నేను అడగకుండానే సారు కోడలు మూడు చాయ్‌లు పెట్టి పోయింది. ఎదురు కుర్చీలో ఈసారి సారు రాసిన నూట నలభై రెండు పేజీలు పెట్టాను. చివరి పేజీ మూడుసార్లు పైకి చదివాను. కళ్లు మాత్రం మూసుకోలేదు, ఆ నాటకం నావల్ల కాదు. ఆరుంబావు అయింది. ఆరున్నర అయింది. ఎవరూ రాలేదు. వేళకు వస్తే ఆయన మా సారెందుకవుతారు? చిత్తు కాగితం తీసి ఆ మూడు వాక్యాలు ఎక్కించబోయాను. 'ఎడ్లు నీళ్లు' వరకు రాశాను. అక్కడ చెయ్యి ఆగింది. భయం కాదు, దుఃఖమూ కాదు. పరీక్షలో పక్కదాని జవాబు చూసి రాస్తూ టీచరు కంట పడ్డట్టుగా సిగ్గు వేసింది. అరవై ఏళ్లయింది అట్లాంటి సిగ్గు పడి. ఆ రెండు మాటలూ కొట్టేశాను.

సారు కొడుకును పిలిచి కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను.

"బాపు నాకెప్పుడు జెప్పలే."

"నాకు గూడ పెన్ను మూత పెట్టిచ్చినంకనే జెప్పిండు. మీ ఇంటి సంగతి. నువ్వు వద్దంటె ఇక్కడికే ఆపుత."

అతను ఎదురు కుర్చీలోని కాగితాల అంచులు సర్దాడు. "రాయత్తమ్మా. ఆ ఎద్దు గూడ మా ఇంటిదే," అని లేచాడు.

రాశాను. బకెట్, బండి కింద నీడ, తిరిగిన పేజీ, కూలిన ఎద్దు. నా మాట ఒక్కటి కలపలేదు. సారు చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆఖరి వాక్యం ఇది: "బాపు చెరుకాకు తుంచి నేను ఆపిన పేజీలో పెట్టి, పుస్తకం మూసి, నా చేతికిచ్చాడు." నా అలవాటు ప్రకారం అంచున తేదీ, వేళ వేశాను. ఎవరు వచ్చారన్న చోట ఏమి రాయాలో కొంచెంసేపు ఆలోచించి, 'సారు, ఆలస్యంగా' అని రాశాను.

ఎండ వరండాలోకి వచ్చింది. ఎదురు కుర్చీ ముందు చాయ్ చల్లారి మీగడ కట్టింది. ఎంత తగ్గిందో చూడకుండా తాగేశాను.