నా భుజం కోసం చేసిన తూటాలు

నిరుడు గుండెజబ్బుతో పోయిన మా బావమరిది ఇల్లు అమ్మకానికి పెడుతున్నారంటే, మొన్న మా ఆవిడా నేనూ వాళ్ళ ఊరు నోవై వెళ్ళి బేస్‌మెంట్ ఖాళీ చేయించాం. అక్కడ యాభై గుంటలున్న చెక్కదిమ్మె ఒకటి కనిపించింది. పిల్లలు అదేదో పాత ఆటవస్తువనుకుని చెత్తసంచిలో వేయబోతే లాక్కున్నాను. ఈ మోకాళ్ళతో అంత చురుగ్గా ఎలా కదిలానో నాకే తెలియదు.

అతను నా భార్యకు స్వయానా తమ్ముడు, కార్ల కంపెనీలో కొలతలు చూసే ఇంజనీరు, వెంట్రుకవాసి తేడాకు కూడా ఒప్పుకోని మనిషి. గుడ్డు వాసన పడని శుద్ధ శాకాహారి. అలాంటివాడు ఆఫీసులో ఒక తెల్లాయన వెంట తుపాకులు కాల్చే రేంజికి వెళ్ళి, వంద గజాల దూరంలోని కాగితానికి రైఫిల్‌తో చిల్లులు పెట్టడం మరిగాడు. జింకల సీజన్‌లో ఊరంతా అడవుల్లో ఉంటే మావాడు కాగితాన్ని వేటాడుతున్నాడని అందరం ఏడిపించేవాళ్ళం. కొట్లో కొన్న తూటాలు ఒకదానిలా ఇంకొకటి పోవడం లేదని, చివరికి తనే చేసుకోవడం మొదలుపెట్టాడు. పేల్చేసిన ఇత్తడి గుల్లలు శుభ్రం చేసి, ఈ దిమ్మె గుంటల్లో నిలబెట్టి, బుల్లి త్రాసులో తుపాకిమందు తూచి ఒక్కొక్కదానిలో పోసేవాడు. మా అత్తగారు కుంకుమపువ్వు కూడా అంత పొదుపుగా వేసి ఎరగదు.

బేస్‌మెంట్‌లో అతను ఆ పని చేసే బల్ల దగ్గర ఒకటే నియమం. మందు పోస్తుండగా మాట్లాడకూడదు, లేవకూడదు. లేస్తే పోసిందంతా డబ్బాలోకి ఒంపేసి మళ్ళీ మొదట్నుంచీ రావాలి. నాకది చాదస్తంగా తోచేది.

ఒక శనివారం నేను కాఫీ పట్టుకుని కిందికి దిగాను. అక్క మొగుడు స్వయంగా కప్పు తెచ్చి ఎదురుగా నిలబడితే ఏ తెలుగింటి బావమరిది కూర్చుని ఉంటాడు? చటుక్కున లేచి కుర్చీ నాకిచ్చాడు. "ఇవి లైట్ లోడ్స్ బావగారూ, మీ షోల్డర్‌కి నొప్పి ఉండదు" అన్నాడు. అంతకుముందు వారం రేంజిలో భుజం నొప్పని నేను చేసిన గోలకు, నాకోసం తక్కువ మందుతో చేస్తున్నాడన్నమాట. తాగడం అయ్యాక దిమ్మె ఎత్తి ఒంపేయబోతే నేనే ఆపాను. మళ్ళీ మొదట్నుంచా, అన్నం చల్లారితే మీ అక్క ఇద్దర్నీ చంపుతుంది, ఎక్కడ ఆపావో గుర్తులేదా, ఇంజనీరువేనా అని వెక్కిరించాను. నవ్వి, అక్కణ్ణుంచే కొనసాగించాడు. టార్చి వేసి గుల్లలన్నీ ఓసారి చూసుకునే అలవాటు కూడా నా తొందరలో కొట్టుకుపోయింది.

ఒకదాంట్లో రెండుసార్లు పోశాడు. తక్కువ మందు కాబట్టి రెట్టింపైనా గుల్ల నిండి పొర్లలేదు, ఎవరికీ కనపడలేదు.

మర్నాడు రేంజిలో, ముందు నేను చూస్తానుండండి అని నా చేతిలోంచి రైఫిల్ తీసుకున్నాడు. మూడోసారికి తుపాకీ వెనకభాగం బద్దలైంది. కళ్ళద్దాలు ఆపలేని ఇత్తడి ముక్క కుడికంట్లో దిగింది. ఆసుపత్రిలో ఎంత ప్రయత్నించినా కన్ను నిలవలేదు.

అజాగ్రత్తని అందరూ అతన్నే తిట్టారు. మా ఆవిడయితే ఏడుస్తూ, నీకెందుకురా ఈ పాడు పిచ్చి అని ఏడాదిపాటు సతాయించింది. అతను తల వంచుకుని విన్నాడు. పక్కనే కూర్చుని నేనూ విన్నాను. కాఫీ సంగతి అతనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకోవడంతోనే సరిపెట్టాను.

దిమ్మె కింద అతని నోటుబుక్కు కూడా దొరికింది. ప్రతి విడతకూ తూకాలన్నీ ఇంగ్లీషులో రాసుకునేవాడు. చివరి పేజీలో మాత్రం, ఒంటికన్నుతో రాసిన వంకర అక్షరాల్లో, తెలుగులో రెండు ముక్కలున్నాయి. "బావగారి భుజం కోసం చేసినవి. మధ్యలో లేచాను, తప్పు నాదే."

ఇప్పుడు ఆ బేస్‌మెంట్‌లో ఎంత మాట్లాడినా ఎవరూ వద్దనరు. నేనే, ఎవరైనా పనిలో ఉంటే కప్పు పట్టుకుని మెట్ల మీదే ఆగిపోతున్నాను, వాళ్ళు తలెత్తేసరికి కాఫీ చల్లారిపోతోంది. ఆ రోజు ఆగి ఉంటే ఎంత బాగుండేది.

మొన్న ఆ బేస్‌మెంట్‌లోనే, తమ్ముడి అక్షరాలు చూస్తానంటూ మా ఆవిడ చెయ్యి చాపింది. ఏవో తూకాలులే అని పుస్తకం మూసి, నా సంచిలో పెట్టేసుకున్నాను.