నల్ల రిబ్బను లేని మార్సెల్

మార్సెల్ అంకుల్ లెక్కలో మనుషులు రెండే రకాలు: మార్సెల్ అనే పేరున్నవాళ్లు, ఆ భాగ్యానికి నోచుకోనివాళ్లు.

షామ్‌బర్గ్‌లో ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన ఎం.ఎస్. విద్యార్థిని రేణు రెండో రకం. దిగిన రోజే ఆయన హాలు గోడ చూపించాడు. గోడ నిండా ఫోటోలు. బాక్సర్లు, చిత్రకారులు, మతగురువులు, ఎవరో ముసలి రైతులు, అందరూ మార్సెల్‌లే. కొన్నిటికి నల్ల రిబ్బన్లు.

"రిబ్బనున్నవాళ్లు పోయారా అంకుల్?"

"ఔనమ్మా."

"మిగతావాళ్లు?"

"లైన్లో ఉన్నారు."

ఆ రోజు నుంచి రేణు కిచెన్‌కి వెళ్లాలంటే తల దించుకునే వెళ్లేది.

ఆదివారం తెలుగు చర్చి నుంచి రాగానే ఆయన గదిలోకి దూరి తలుపేసుకునేవాడు. "మార్సెల్, మందులేసుకున్నావా? మార్సెల్, నిన్నెందుకు పలకలేదు?" అని ఇంగ్లీషులో అడిగేవాడు. జవాబు మాత్రం బయటికి వినిపించేది కాదు.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నమే పొగమంచు కిటికీలను మూసేసింది. పేపర్లో కాంకకీ ఊరి మార్సెల్ బొద్రో చనిపోయాడని వేశారు. అంకుల్ బొద్రో ఫోటోకి రిబ్బను కట్టాడు. కట్టి, తిన్నగా గదిలోకి వెళ్లి, తలుపేసుకోకుండానే అతనికే ఫోన్ చేశాడు. రేణు వెనకే వెళ్లింది.

"అంకుల్! ఆయన పోయారు కదా?"

"పోతే? ఆదివారం కాల్ మానేస్తానా?"

ఏడో రింగుకి ఎవరో ఎత్తారు. స్పీకర్లో బరువైన ఊపిరి. తర్వాత బొంగురు గొంతు: "యూ ఆర్ లేట్."

రేణు గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"మార్సెల్! ఆర్ యూ డెడ్?"

"నాట్ మీ. నా పేరే ఉన్న మా కజిన్."

అంకుల్ ఏడుస్తూ నవ్వుతుంటే రేణు బల్ల మీది నోట్‌బుక్ చూసింది. 'ముగ్గురు కొడుకులు, ఎవరూ రారు.' 'చెవుడు, గట్టిగా నవ్వాలి.' అన్నీ వృద్ధాశ్రమాల నంబర్లు.

ఫోన్ పెట్టేశాక ఆయన అన్నాడు: "ఒంటరిగా ఉన్నావని చేశానంటే ఎవరికైనా రోషమొస్తుందమ్మా. నీ పేరే నా పేరంటే చుట్టరికం."

"మీ పేరు భలే కలిసొచ్చింది అంకుల్."

"నా పేరు ప్రకాశరావు. లీజు చదవలేదా? నర్సింగ్ హోమ్‌లో పనిచేసేటప్పుడు ఒక మార్సెల్ అన్నం ముట్టేవాడు కాదు. నేనూ మార్సెల్‌నే అన్నాను, తిన్నాడు. యానాం వాణ్ని కదా, ఫ్రెంచి పేరంటే ఎవరూ అనుమానపడలేదు."

ఆయన కాస్త తటపటాయించాడు. "బొద్రో పక్క గదిలో ఇవెట్ అని ఒకావిడ ఉందట. ఆమెకి ఎవరూ ఫోన్ చేయరట. నేను ఇవెట్‌నంటే నమ్మదు."

రేణు గొంతు సవరించుకుని ఫోనందుకుంది.

"హలో? మీ పేరు ఇవెట్ కదూ? భలే, నా పేరూ అదే!"